ఆట మిగిలింది, ఆడినవారో?

1893 షికాగో అనగానే మనకు వివేకానందుడు గుర్తొస్తాడు. ఆయన ప్రసంగించిన సర్వమత సభ ఒక ప్రపంచ ప్రదర్శనకు అనుబంధంగా జరిగింది. ఆ ప్రదర్శనలోనే "కైరో వీధి" అని ఒక వీధిని కట్టి, అందులో నర్తకుల చేత ఆడించారు. జనం విరగబడి చూశారు. ఇది సభ్యత కాదని గోల పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఆ నర్తకుల కథ మన కథకు ఎంత దగ్గరో తెలియాలంటే రెండు ఇంగ్లీషు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి ఈజిప్టు గాయనులు, నర్తకుల గురించి కరిన్ వాన్ న్యూకెర్క్ 1995లో ప్రచురించిన "ఎ ట్రేడ్ లైక్ ఎనీ అదర్". రెండోది తమిళనాడు, కోస్తాంధ్ర దేవదాసీల గురించి దవేశ్ సోనేజీ రాసిన "అన్‌ఫినిష్డ్ జెస్చర్స్" (2012).

ఈజిప్టులో పెద్దల ఇళ్ళలో, ఆడవాళ్ళ మధ్య పాడే స్త్రీలను "అవాలిమ్" అనేవారు. చదువుకున్నవారని అర్థం, హైదరాబాదు వాళ్ళకు తెలిసిన "ఆలిమ్" కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. వీధుల్లో ఆడేవాళ్ళు "ఘవాజీ"లు. 1834లో మహమ్మద్ అలీ పాషా నర్తకులను కైరో నుంచి దక్షిణాన ఎస్నా వంటి ఊళ్ళకు వెళ్ళగొట్టాడు. రానురాను రెండు వర్గాల మధ్య గీత చెరిగిపోయి, చదువును చెప్పిన పేరే తక్కువ మాటగా మారింది. మన "కళావంతులు" అన్న మాటకు పట్టిన గతీ ఇదే కదా!

మన దగ్గర 1947 మద్రాసు చట్టం ఆడపిల్లలను గుళ్ళకు అంకితమివ్వడాన్నీ, గుళ్ళలో వాళ్ళ నాట్యాన్నీ నిషేధించింది. ఊహ తెలియని పిల్ల బతుకును పెద్దలు నిర్ణయించే ఆచారం పోవలసిందే, అందులో అనుమానం లేదు. అయితే ఆచారంతోపాటు ఆ స్త్రీల విద్యకూ, జీవనానికీ చోటు లేకుండా పోయింది.

ఆట మాత్రం పోలేదు. కైరోలో 1959లో మహమూద్ రెడా ఒక బృందం పెట్టి, జానపద నృత్యాన్ని మధ్యతరగతి కుటుంబాలు సంకోచం లేకుండా చూసే వేదిక మీదికి తెచ్చాడు. అందులో ప్రధాన నర్తకి ఫరీదా ఫహ్మీ ఆ తర్వాత లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన కృషి మీదే సిద్ధాంతవ్యాసం రాసింది. మద్రాసులో వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టిన కూచిపూడి మన అమ్మాయిలకు అందడంలో ఆయన పాత్ర పెద్దది. ఇద్దరూ గొప్ప పని చేశారు. కానీ గౌరవం దక్కింది ఆటకు. పాత నర్తకి గడప బయటే ఉండిపోయింది.

సోనేజీ పుస్తకంలో నన్ను కదిలించినది కోస్తాంధ్ర అధ్యాయం. కళావంతుల స్త్రీలు ఇళ్ళలో, తలుపులు మూసుకుని, పాత పదాలూ జావళులూ తమలో తాము పాడుకుని అభినయించుకోవడం అందులో ఉంది. భామాకలాపం కూచిపూడి వారి సొత్తే అనుకునేవాళ్ళు, కళావంతులు కూడా దాన్ని ఆడేవారన్న సంగతి ఇక్కడ తెలుసుకుంటారు. సిద్ధాంత పరిభాష దట్టించడం వల్ల పుస్తకం సామాన్య పాఠకుడికి కొరుకుడు పడదు. ఆ విషయంలో వాన్ న్యూకెర్క్ నయం. మాది కూడా అన్నిటిలాంటి వృత్తేనని ఆ స్త్రీలు చెప్పుకున్న మాటనే ఆమె తన పుస్తకానికి పేరుగా పెట్టింది.

పోలికకు హద్దులున్నాయి. ఈజిప్టులో నర్తకి అవమానం పడుతూనే పెళ్ళిళ్ళలో ఆడుతూ వచ్చింది. మన మేజువాణి మాసిపోయింది.

ఇదంతా మనకెందుకు? అమెరికాలో అరంగేట్రం బ్రోషర్లలో చరిత్ర సాధారణంగా భరతముని దగ్గర మొదలై, సిద్ధేంద్రయోగిని తలుచుకుని, నేరుగా గురువుగారి దగ్గరకు వచ్చేస్తుంది. మధ్యలో ఆ స్త్రీల ప్రస్తావన ఉండదు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఇతరులు ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాంను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. రాసినవారి పేరు మాత్రం తీసెయ్యకూడదు. జావళికి అభినయం పట్టే మన పిల్లలకు, అది ఎవరి నోట, ఎవరి కళ్ళలో బతికి వచ్చిందో ఒక్క పేరాలోనైనా చెప్పాలి. పదిహేనేళ్ళ పిల్లకు ఆ సంగతి అర్థం కాదేమోనన్న బెంగ అక్కర్లేదు. బెంగంతా పెద్దవాళ్ళదే.