లవం మాది, హారం ఎవరిది?

2020 ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగైతే చాలు, మా ఇంట్లో అందరం టీవీ ముందు చేరేవాళ్ళం. కేంద్ర ఆరోగ్యశాఖ అధికారి వచ్చి ఆ రోజు లెక్క చెప్పేవాడు. ఎన్ని కేసులు, ఎంతమంది పోయారు. ఆ తర్వాత గొంతు మార్చకుండానే ఇంకో వాక్యం. అందులో తబ్లీగీ జమాత్‌తో సంబంధమున్నవి ఇన్ని. ఆ వాక్యం వినగానే మా అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. లెక్కలు రాని మనిషి ఆమె. అయినా ఆ లెక్క ఎవరి గురించో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

మర్నాడు మా మామూ కొడుకు పండ్ల బండి తోసుకుని ఎప్పుడూ పోయే కాలనీకి పోయాడు. పదేండ్లుగా పోతున్న కాలనీ. 'నీ పేరేంది బై?' అన్నారు. పదేండ్లు అరటిపండ్లు కొన్నవాళ్ళకు అప్పుడు పేరు కావాల్సి వచ్చింది. చెప్పాడు. బండి తిరిగి వచ్చింది, పండ్లు మురిగిపోయాయి. ఆ కాలనీవాళ్ళలో ఎవరూ త్రిశూలం పట్టినవాళ్ళు కాదు. టీవీ చూసినవాళ్ళు, లెక్కను నమ్మినవాళ్ళు. నేనిప్పుడు విమర్శించదలచుకున్నది ఆ కాలనీని కాదు, ఆ లెక్కను.

'అంకెలకు మతం ఉండదు, ప్రభుత్వం ఉన్నది ఉన్నట్టు చెప్పింది' అని అప్పుడు మన లౌకిక మిత్రులు చాలామంది అన్నారు. మతోన్మాదులు అన్నదానికంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కాబట్టి ఉన్నదేమిటో, ఉన్నట్టు చెప్పిందేమిటో చూద్దాం.

2020 ఏప్రిల్ 18న ఆరోగ్యశాఖ చెప్పిన లెక్క ఇది. దేశంలో 14,378 కేసులు. అందులో 4,291, అంటే 29.8 శాతం, నిజాముద్దీన్ మర్కజ్‌తో ముడిపడినవి. రాష్ట్రాలవారీగా కూడా చెప్పారు. తమిళనాడులో 84 శాతం, తెలంగాణలో 79, ఢిల్లీలో 63, ఆంధ్రప్రదేశ్‌లో 61. ఈ అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. నా వాదన కూడా అవి అబద్ధమని కాదు.

బడిలో భిన్నాలు చెప్పేటప్పుడు పంతులు పైన లవం, కింద హారం అని నేర్పిస్తాడు. 4,291 లవం. దాని కింద పెట్టిన హారం దేశంలో రోగం వచ్చినవాళ్ళందరూ కాదు. పరీక్షలో రోగం బయటపడ్డవాళ్ళు మాత్రమే. మరి ఆ రోజుల్లో పరీక్ష ఎవరికి చేశారు? విదేశాల నుంచి వచ్చి లక్షణాలున్నవాళ్ళకు, రోగితో దగ్గరగా మెలిగినవాళ్ళకు, ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన శ్వాస జబ్బు ఉన్నవాళ్ళకు, లక్షణాలున్న ఆరోగ్య సిబ్బందికి. మామూలు జ్వరంతో దగ్గుతున్న మనిషి తనకు తానుగా పోయి పరీక్ష చేయమంటే చేసేవాళ్ళు కాదు. కిట్లే లేవు. మర్కజ్‌కు పోయొచ్చినవాళ్ళ పేర్లు మాత్రం జాబితాలెక్కాయి. ఊరూరా వెతికి, ఇంటికి వచ్చి తీసుకుపోయి, వాళ్ళకు పరీక్ష చేశారు, వాళ్ళ భార్యాపిల్లలకు చేశారు, పక్కింటివాళ్ళకు చేశారు.

ఊహకు రెండు వీధులనుకోండి. వీధికి వెయ్యిమంది. రెండింటిలోనూ సరిగ్గా ఇరవైమందికి రోగముంది. మొదటి వీధిలో వెయ్యిమందికీ పరీక్ష చేశారు, ఇరవైమందీ దొరికారు. రెండో వీధిలో ఆసుపత్రిదాకా వచ్చిన యాభైమందికే చేశారు, అయిదుగురు దొరికారు. మొత్తం ఇరవై అయిదు. సాయంత్రం ప్రకటన ఏమిటి? రోగంలో 80 శాతం మొదటి వీధిదే! రెండో వీధిలో మిగిలిన పదిహేనుమంది దర్జాగా తిరుగుతుంటారు. మొదటి వీధివాణ్ణి చూడగానే ముక్కు మూసుకుంటారు. ముక్కు మూసుకోవలసింది ఎవరిని చూసో వాళ్ళకూ తెలియదు.

దీనర్థం మర్కజ్‌లో రోగం లేదని కాదు. ఉంది. అక్కడినుంచి పాకింది. 2020 మార్చి 30న, అక్కడికి పోయొచ్చినవాళ్ళలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్ళను వెతికి పరీక్ష చేయడం తప్పు కాదు, చేయవలసిన పనే. ఎక్కువ వెతికిన చోట ఎక్కువ దొరుకుతుందన్న ఒక్క మాట మాత్రం, శాతాన్ని చెప్పినవాళ్ళు ఆ శాతం పక్కన చేర్చలేదు.

ఇంకో లెక్క ఉంది. అది మరీ వింతది. ఏప్రిల్ 5న చెప్పారు. కేసులు రెట్టింపవడానికి 4.1 రోజులు పడుతోందట, తబ్లీగీ కేసులు లేకపోతే 7.4 రోజులు పట్టేదట. ఈ 'లేకపోతే' ఎక్కడిది? జాబితాలోంచి ఒక గుంపును కొట్టేసి మిగిలినదాన్ని లెక్కగట్టారు. మరి ఆ గుంపే లేకపోతే, వాళ్ళమీద ఖర్చయిన కిట్లు ఎవరిమీద వాడేవాళ్ళు? ఇంకెవరిలోనో రోగం బయటపడేది కదా. వాళ్ళను మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు. పెండ్లిళ్ళకు, సభలకు, విమానాశ్రయాలకు పోయొచ్చినవాళ్ళను తీసేస్తే ఎన్ని రోజులవుతుందో నేనైతే ఎప్పుడూ వినలేదు. 2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షలమంది మునిగారు. అక్కడ జరిపామన్న పరీక్షల్లో లక్షకు పైగా నివేదికలు దొంగవని ఆ జూన్‌లో బయటపడింది. 'కుంభ్ లేకపోతే ఇన్ని రోజులు' అన్న లెక్క సాయంత్రం నాలుగింటి ప్రకటనలో నేను వినలేదు. వినాలనీ కోరుకోను. ఆ లెక్క కట్టినా ఇంత తప్పుగానే ఉండేది.

ఇక మనవాళ్ళ సంగతి. ఇది రాయకపోతే మొదట రాసినదానికి విలువుండదు.

మన మిత్రుడొకరు 2020 చివర్లో ఒక సభలో ఇట్లా అన్నారు: ఇవాళ దేశంలో కేసులు కోటి దాటాయి, తబ్లీగీవి నాలుగువేల చిల్లర, అంటే వందకు ఒకటి కూడా కాదు, సగం కూడా కాదు! చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఏప్రిల్ లవాన్ని డిసెంబరు హారం మీద పెడితే ఎవరి తప్పునైనా మాయం చేయొచ్చు. కోటి కేసుల్లో మర్కజ్ గొలుసునుంచి వచ్చినవెన్నో ఎవరూ లెక్కించలేదు. వాళ్ళు హారాన్ని కుదించి మనల్ని పెద్దగా చూపించారు, మనం హారాన్ని సాగదీసి మనల్ని మాయం చేసుకున్నాం. ఆట అదే.

మర్కజ్ పెద్దల్నీ అడగాల్సిందే. ఫిబ్రవరి చివర్లోనే సౌదీ ప్రభుత్వం ఉమ్రాకు వచ్చే విదేశీయుల్ని ఆపింది. ఆ తర్వాత కాబా చుట్టూ తవాఫ్ చేసే జాగానే కొన్ని రోజులు ఖాళీ చేయించింది. మలేషియాలో శ్రీ పెటాలింగ్ మసీదులో జరిగిన తబ్లీగీ సభనుంచి రోగం పాకిందని మార్చి మధ్యకే లోకానికి తెలుసు. అది మన సొంత జమాత్ సభే. అప్పటికైనా జనాన్ని ఇండ్లకు పంపించి ఉండవలసింది. సర్కారు కూడా నిద్రపోయింది, నిజమే. మార్చి 13న అదే ఆరోగ్యశాఖ ఇదేమీ ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదన్నది. అట్లాగని మన తప్పు చెల్లిపోదు. మసీదులో చస్తే మంచి చావే కదా అన్న మాట మా బస్తీలోనే నా చెవులారా విన్నాను. ఆ మాట అన్నాయన ఇంట్లో డెబ్బైఏండ్ల ముసలమ్మ ఉంది. చావు ఎంచుకునే హక్కు ఆయనకుందేమో, ఆమె తరఫున ఎంచుకునే హక్కు లేదు.

నిర్బంధాల మీద వాదన మన దగ్గర సరిగ్గా జరగకపోవడానికి ఇదీ ఒక కారణం. లాక్‌డౌన్ వల్ల కూలీ ఏమైంది, బండివాడేమయ్యాడు, ఎన్నాళ్ళు మూయాలి, ఎక్కడ తెరవాలి, ఇవి అడగవలసిన ప్రశ్నలు. రోజు కూలీతో బతికే మన జనమే ఈ ప్రశ్నలు గట్టిగా అడగాలి. 2020 ఏప్రిల్‌లో ముస్లిం పేరుతో ఎవడైనా లాక్‌డౌన్‌ను ప్రశ్నిస్తే, 'మీరే కదా తెచ్చింది' అన్న జవాబు సిద్ధంగా ఉండేది. శాతం మన నోటికి తాళం వేసింది.

ఇది కొత్త విద్య కూడా కాదు. 2004లో జనాభా లెక్కల శాఖ 2001 లెక్కల ప్రకారం ముస్లింల దశాబ్ది వృద్ధి 36 శాతమని విడుదల చేసింది. గోల లేచింది. 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జనగణనే జరగలేదు, 2001లో జరిగింది. అంటే పాత హారంలో కాశ్మీరు ముస్లింలు లేరు, కొత్త లెక్కలో ఉన్నారు. సరిచేస్తే 29.3 శాతం తేలింది. సవరణ కొద్దిరోజుల్లోనే వచ్చింది. ఆ 36 మాత్రం నోళ్ళలో చాలాకాలం బతికింది.

అంకెను ప్రశ్నించడం సర్కారుకు చేతకాదనుకోకండి. 2020, 21 సంవత్సరాల్లో భారతదేశంలో కోవిడ్ కారణంగా 47 లక్షల అదనపు మరణాలు జరిగి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా కట్టింది. సర్కారు లెక్క 4.8 లక్షలు. అప్పుడు మన ఆరోగ్యశాఖ ఎంత చక్కగా వాదించిందో! పద్ధతి సరైంది కాదన్నది, నమూనా మనకు వర్తించదన్నది, ఊహల మీద కట్టిన లెక్క అన్నది. ఆ అభ్యంతరాల బలాబలాలు పండితులు తేలుస్తారు. నా ప్రశ్న ఒక్కటే. ఈ పద్ధతి జ్ఞానం రెండేండ్ల ముందు, ఆ సాయంత్రం నాలుగింటికి ఎక్కడికి పోయింది?

కోర్టులు ఆలస్యంగానైనా మాట్లాడాయి. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వం బలిపశువును వెతుక్కుంటుందన్న అర్థంలో రాసింది. 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు డెబ్బైమంది భారతీయుల మీద కేసుల్ని కొట్టేసింది. అయిదేండ్లు పట్టింది.

మా మామూ కొడుకు ఇప్పుడు ఆ కాలనీకి మళ్ళీ పోతున్నాడు. పిలిచారు, పోయాడు. అరటిపండ్లు కొంటున్నారు, బేరమాడుతున్నారు, పిల్లల చదువులు అడుగుతున్నారు. బండి ముందు మాత్రం వాడిప్పుడు తెలుగులో 'రాజు ఫ్రూట్స్' అని రాయించుకున్నాడు.