ప్రశ్న పుట్టిన చోటే లైబ్రేరియన్

కొత్త విద్యార్థుల్ని మొదటి వారంలోనే లైబ్రరీ అంతా తిప్పి, ఇది కేటలాగు, అది రిఫరెన్సు విభాగం అని చూపిస్తారు. నెల తిరిగేసరికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఆకలి లేనివాడికి విస్తరి వేసినట్టే!

అమెరికాలో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో, క్వేకర్లు స్థాపించిన ఎర్లమ్ కాలేజీ చిన్నది. 1962లో అక్కడికి వచ్చిన లైబ్రేరియన్ ఎవన్ ఫార్బర్ ఈ వరస మార్చారు. అధ్యాపకుడు పరిశోధనా వ్యాసం రాయమన్నప్పుడే లైబ్రేరియన్ ఆ తరగతికి వెళ్లాలి, ఆ వ్యాసానికి పనికొచ్చేదే చెప్పాలి అన్నది ఆయన పద్ధతి. ఇలా సమాచారం వెతికి వాడుకునే నేర్పుకు ‘ఇన్ఫర్మేషన్ లిటరసీ’ అనే మాటను పాల్ జుర్‌కౌస్కీ వాడుకలోకి తెచ్చింది 1974లో. అంటే పేరుకన్నా పని ముందు పుట్టింది.

అసలు పనితనం తరగతికి ముందే ఉంది. అధ్యాపకుడూ లైబ్రేరియనూ కూర్చుని ప్రశ్ననే సానబడతారు. ‘మలేరియా గురించి రాయండి’ అంటే పిల్లలు మొదట దొరికింది దించేస్తారు. ‘ఒకే మందుపై పొసగని రెండు అధ్యయనాలు తెచ్చి, తేడా ఎక్కడొచ్చిందో చెప్పండి’ అంటే వెతక్క తప్పదు. విషయం లోతు అధ్యాపకుడికి తెలుసు. దారీ డొంకా లైబ్రేరియన్‌కి తెలుసు. ఒక మంచి వ్యాసం చివరి గ్రంథసూచిని పట్టుకుని, దారం లాగినట్టు వెనక్కి వెళ్లడం ఆయనే నేర్పాలి.

సిలబస్ పూర్తికాక సతమతమయ్యే అధ్యాపకుడి దగ్గర ఒక గంట సంపాదించడం మాత్రం, నిజానికి, అన్నిటికన్నా కష్టమైన విద్య.

ఇప్పుడు చాట్‌బాట్లు అసలు లేని పుస్తకాలకు కూడా పేజీ నంబర్లు వేసిస్తున్నాయి. అలాంటి పుస్తకం పేరును విద్యార్థి చేతే కేటలాగులో కొట్టించి, ఖాళీ తెర వచ్చేదాకా పక్కనే నిలబడుతున్నారు లైబ్రేరియన్లు.