తెనాలి ఇనుములో వస్తువూ, శిల్పమూ

'వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా' అన్న తగువు సాహిత్య విమర్శలో పాతదే. వస్తువు గొప్పదైతే శిల్పం ఎలా ఉన్నా ఫరవాలేదన్న వారినీ చూశాం, శిల్పం పేరు చెప్పి వస్తువును ఎగ్గొట్టిన వారినీ చూశాం. తెనాలిలో ఈ రెండు మాటలకూ అక్షరాలా అర్థం వచ్చింది. అక్కడ వస్తువంటే తుప్పు పట్టిన నట్టు, తెగిన చైను, అరిగిన పళ్ళచక్రం. శిల్పమంటే వాటిని వెల్డింగ్ చేసి మలచిన మనిషి బొమ్మ.

సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర చేస్తున్న పని ఇది. సుమారు 75,000 నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు. 2021లో దాదాపు 2 టన్నుల తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం చేశారు. పత్రికలు ఈ అంకెలు వేసి, ఆశ్చర్యపడి ఊరుకున్నాయి. టన్నుల లెక్క పాత ఇనుము కొట్టుకు పనికొస్తుంది గాని కళావిమర్శకు చాలదు.

ముందుగా వారి పనితనానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. ఇనుము మట్టిలాగా వేలికి లొంగదు. నట్టుకు ఆరు పక్కలు. చెంప వంపునూ, నుదుటి ముడతనూ ఆ మొండి ముక్కలతోనే రాబట్టాలి. నాలుగు నట్లు అటూ ఇటూ అయితే పోలిక చెడుతుంది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ నట్టు ఏమైంది? ఒకప్పుడు అది ఏ నూర్పిడి యంత్రాన్నో, ఏ లారీనో పట్టి ఉంచింది. దాన్ని బిగించిన చెయ్యి ఒకటుంది. విగ్రహంలో చేరాక అది ఇనుప చుక్క మాత్రమే. గాంధీ విషయంలో ఈ నష్టం మరీ పెద్దది. 1909లో 'హింద్ స్వరాజ్' రాసి యంత్ర నాగరికతను అంతగా దుయ్యబట్టిన మనిషి శరీరం యంత్రాల నట్లతో తయారయింది! ఇంతకన్నా పదునైన వైరుధ్యం ఏ శిల్పికి దొరుకుతుంది? కాని ఆ వైరుధ్యాన్ని పోలిక మింగేసింది. చూసినవాడు 'అచ్చం గాంధీయే' అని తృప్తిపడి వెళ్ళిపోతాడు.

1942లో పికాసో ఒక సైకిలు సీటునూ, హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశాడు. రెండే ముక్కలు. ఒక క్షణం ఎద్దు కనిపిస్తుంది, మరుక్షణం సైకిలు కనిపిస్తుంది. ఒకటి రెండో దాన్ని చంపదు. దానికి పాతికేళ్ళ ముందే, 1917లో, డూషాంప్ న్యూయార్కులో మూత్రశాల పింగాణీ తొట్టిని కళాఖండమని ప్రదర్శనకు పంపితే నిర్వాహకులు దాన్ని ప్రదర్శించలేదు. తర్వాత గేలరీలే దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి, అది వేరే కథ.

మన దేశంలో సుబోధ్ గుప్తా 2006లో స్టీలు పాత్రలతో పెద్ద పుర్రె చేశాడు. అందులో గిన్నె గిన్నెగానే ఉంటూ ఆకలిని గుర్తుచేస్తుంది. అంతవరకు బాగుంది. అయితే మెరిసే ఆ గుంపులో ఏ గిన్నె ఎవరిదో తెలియదు. మన ఇళ్ళలో స్టీలు గిన్నె మీద పేరు కొట్టిస్తాం. పెళ్ళికి చదివించినవారి పేరు, తేదీ. కష్టకాలం వచ్చి అది పాత సామాన్ల కొట్టుకు పోయే రోజున కూడా ఆ పేరు దాని మీదే ఉంటుంది. ఏ గేలరీకీ వెళ్ళకుండానే అది చరిత్ర పత్రం.

మనకు ఈ విషయం కొత్త కాకూడదు. శ్రీశ్రీ 'ఋక్కులు'లో అల్పవస్తువుకు కవిత్వంలో చోటు దొరికి తొంభై ఏళ్ళవుతోంది. అభ్యుదయ రచయితల సంఘం 1943లో పుట్టింది తెనాలిలోనే. ఆ గేయంలో చిన్న వస్తువు మరో పెద్ద బొమ్మకు ముడిసరుకు కాదు. దాని మర్యాద దానికుంది.

తెనాలి నుంచి అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా వరి పొలాలే. ఈ పొలాల వస్తువు కుంచం. నాలుగు మానికలు ఒక కుంచం. కోత కూలి గింజలు దానితోనే కొలిచేవారు. నిండుగా పోసి కొలిచారా, అంచుకు సమంగా గీసి కొలిచారా అన్నదాని మీద ఆ రాత్రి కూలివారి ఇంట కుండ ఆధారపడేది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి కుంచం మూలపడింది. ఇప్పుడు తరగతిలో కుంచమంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పవలసి వస్తోంది. అదే కుంచం హోటలు గోడకు మెరుగు పెట్టుకొని 'పల్లెటూరి అందం'గా వేలాడుతోంది. దాన్నీ కళ అంటున్నారు. పోలిక కోసం నట్టు చరిత్రను మింగటం ఒక లోపం. అలంకారం కోసం కుంచంలోని కూలి లెక్కను తుడిచేయటం అంతకన్నా పెద్ద అన్యాయం. మొదటిదానిలో కనీసం శిల్పి చెమట ఉంది.

విగ్రహాల పని ఆర్డర్ల మీద నడిచేది. నాయకుల ముఖాలకు గిరాకీ ఉన్నంతకాలం తెనాలిలో ముఖాలే తయారవుతాయి. అందుకు శిల్పులను తప్పుపట్టి లాభం లేదు. ఒక కొడవలినీ ఒక కుంచాన్నీ, కొడవలి కొడవలిగా, కుంచం కుంచంగా కనిపించేట్టు అతికి చూడమని వారిని అడగవలసినవాళ్ళం మనం. అడిగితే, దాన్ని కొనేదెవరని వాళ్ళు ముందు మనల్నే అడుగుతారు.