విపత్తునందు వాక్కు: 2011 జపాను ఉత్పాతముపై స్పందనల విమర్శ

సునామి యను జపాను మాట తెలుగువారి యిండ్లలో నలుగురి నోట వినబడుట 2004 డిసెంబరు 26 తరువాతనే. అంతకు ముందు సముద్రము నేలపైకి వచ్చుటకు తెలుగున ఉప్పెన యను మాట చాలియుండెను. 1839లో యానాము చెంతనున్న కోరంగి రేవును నాశనము చేసినదియు, 1864లో బందరును ముంచినదియు, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చుకొని పోయినదియు ఉప్పెనలే. అవి గాలివానతో వచ్చినవి. భూకంపముచే కదలిన సముద్రమునకు వేరొక పేరు కావలసివచ్చెను. జపాను భాషలో 'త్సు' యనగా రేవు, 'నామి' యనగా అల. నడిసముద్రమున జాలరికి తెలియక, రేవు చేరిన తరువాతనే తన విశ్వరూపము చూపును గనుక దానికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు.

ఆ మాటను లోకమునకిచ్చిన దేశమే 2011 మార్చి 11న దాని యర్థమును సంపూర్ణముగా అనుభవించెను. మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు ఈశాన్యతీరమున 9.0 పరిమాణముగల భూకంపము సంభవించెను. వెంట వచ్చిన అల కొన్ని తావులందు దాదాపు 40 మీటర్ల యెత్తువరకు ఎగబ్రాకెను. సుమారు 15,900 మంది మరణించిరి. 2,500 మందికి పైగా జాడ తెలియకయే పోయిరి. ఫుకుషిమా దైఇచి అణువిద్యుత్ కేంద్రమున విద్యుత్తు ఆగి, చల్లబరచు యంత్రములు నిలిచిపోయి, మూడు రియాక్టర్లలో ఇంధనము కరగెను. లక్షన్నరకు మించిన జనులు ఇల్లు విడువవలసివచ్చెను.

ఈ ఉత్పాతమును గూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసినది విస్తారము. దానిపై జనులును, ప్రభువులును, రచయితలును పలికిన పలుకులు కూడ విమర్శకు పాత్రములే. పద్యమున పదము తప్పినచో రసము చెడును. విపత్తున పదము తప్పినచో ప్రాణము పోవును. కావున ఆ దినములందు ఏ మాట దేనిని కప్పినది, ఏ మాట ఎవరిని కాచినది యని పరిశీలించుటయే ఈ వ్యాసమునకు విషయము.

దైవదండనము

విపత్తు జరిగిన మూడవనాడు, మార్చి 14న, టోక్యో గవర్నరు ఇషిహారా షింతారో దీనిని 'తెంబత్సు', అనగా దైవదండనము, అనెను. దేశీయుల స్వార్థమును ఈ అలతో కడిగివేయవలెనని ఆయన భావము. నిరసన చెలరేగగా మరునాడే క్షమాపణ చెప్పుకొనెను. ఆయన అకుతాగావా బహుమానము పొందిన నవలాకారుడు కూడ. మాటయే వృత్తిగాగలవాని నోట ఈ మాట వెలువడుట గమనింపదగినది.

ఇట్టి భావము భారతదేశమునకు కొత్తది కాదు. 1934 జనవరి 15న బీహారును భూకంపము ధ్వంసము చేసినపుడు అది అస్పృశ్యతాపాపమునకు ఫలమని గాంధీజీ చెప్పిరి. రవీంద్రనాథ టాగూరు దానిని బహిరంగముగా ఖండించి, భౌతికసంఘటనకు భౌతికకారణమే యుండునని వాదించిరి. గాంధీజీ తామును ఆ పాపమున భాగస్థులమని తలచి పలికిరి. ఇషిహారా గట్టున నిలిచి పలికెను. ఉద్దేశములందు ఇంత అంతరమున్నను తర్కమందలి దోష మొక్కటియే. రెంటియందును దోషులని చెప్పబడినవారు వేరు, దండన పొందినవారు వేరు. మహానగరవాసుల విలాసమే దోషమైనచో, ఇవాతె తీరమున చేపలు పట్టుకొని బ్రదుకు వృద్ధుడు దానికి మూల్యమేల చెల్లింపవలెను? ఫుకుషిమా కేంద్రమున పుట్టిన విద్యుత్తు ఆ సీమకు గాక టోక్యో ప్రాంతమునకు పోవుచుండెనని తలచినపుడు ఈ మాటయందలి అన్యాయము రెట్టింపగును.

ఊహాతీతము

రెండవ మాట మరింత మర్యాదగలది; కావుననే మరింత ప్రమాదకరమైనది. అది 'సోతెయిగై', అనగా ఊహకు అందనిది. కేంద్రము సుమారు 6 మీటర్ల అలకు సిద్ధపడియుండగా దాదాపు 15 మీటర్ల యెత్తువరకు నీరు వచ్చెను. ఎవరు ఊహింపగలరని సంస్థవారి సమాధానము.

కాని ఊహించినవారు కలరు. క్రీ. శ. 869లో అదే తీరమును ముంచిన జోగాన్ సునామి రాజచరిత్రలో లిఖింపబడియున్నది. అది తెచ్చిన ఇసుక పొరలను సెందాయి మైదానమున పరిశోధకులు త్రవ్వి చూపిరి. 1896లోను, 1933లోను ఆ తీరమునకు మరల సునామీలు వచ్చినవి. అన్నిటికంటె ముఖ్యమైనది, 2008లో ఆ విద్యుత్ సంస్థలోనే జరిగిన గణనము 15.7 మీటర్ల అల రావచ్చునని చూపెను. ఊహకు అందినదానిని అడ్డుపెట్టెలో ఉంచి, పిమ్మట ఊహాతీతమనుట భాషను అపహరించుటయే. 2012 జులైలో పార్లమెంటు నియమించిన స్వతంత్ర విచారణసంఘము ఇది మానవకృతమైన విపత్తని తేల్చెను. ఇందొక విచిత్రము కలదు. ఆ నివేదిక ఆంగ్లప్రతి పీఠికలో అధ్యక్షుడు ఈ దోషమునకు మూలము జపాను సంస్కృతి స్వభావమందే యున్నదని వ్రాసెను. జపాను ప్రతిలో ఆ మాట లేదు. పరదేశీయులకు సంస్కృతిని చూపినచో వ్యక్తులు కనబడరు. దేశమంతయు దోషియైనచో ఏ ఒక్కడును దోషి కాడు.

ఈ కోవకు చెందినదే 'తదచినీ', అనగా తక్షణము. అణుధూళివలన ఆరోగ్యమునకు తక్షణము హాని లేదని ప్రభుత్వప్రతినిధి పలుమారులు ప్రకటించెను. వాక్యమున అసత్యము లేదు. కాని పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లి అడుగునది తక్షణమును గూర్చి కాదు. పలికిన మాట యిట్లుండగా పలుకని మాట మరింత కీడు చేసెను. అణుధూళి ఏ దిక్కునకు వ్యాపించునో లెక్కించు వ్యవస్థ యున్నను దాని ఫలితములు సకాలమున వెలువడలేదు. నమియే పట్టణవాసులు అనేకులు ధూళి పోవు దిక్కుననే త్సుషిమా యను చోట కొన్ని దినములు తలదాచుకొనిరి.

బంధము

విపత్తునందు జపాను ప్రజలు చూపిన నిబ్బరమును లోకమంతయు కొనియాడెను. ఆహారమునకు వరుసలలో నిలిచిరి, తమకున్నది పంచుకొనిరి. ఈ ప్రశంస అర్హమైనదే. అయినను ఓర్పును మితిమీరి పొగడుటయందు ఒక చిక్కు కలదు. బాధితుడు ఓర్చుకొనుటయే గుణమైనచో, అతడు ప్రశ్నించుట అవగుణమగును. 2012లో ప్రధానమంత్రి నివాసము ముందు ప్రతి శుక్రవారము వేలాది జనులు గుమిగూడి అణుకేంద్రములు వలదని నినదించిరి. వారును ఆ ప్రజలే. ఓర్పు కథ చెప్పినవారు ఈ కథ అంతగా చెప్పలేదు.

ఆ సంవత్సరాంతమున జనులు ఎన్నుకొన్న అక్షరము 'కిజునా', అనగా బంధము. క్యోటో నగరమున కియోమిజు దేవాలయ ప్రధానార్చకుడు ఆ అక్షరమును పెద్ద కుంచెతో వ్రాసెను. అదే నగరమున ఆగస్టు మాసమున జరిగినది వేరు. సునామి కూల్చిన రికుజెన్‌తకతా దేవదారు కట్టెలపై జనులు మృతులకై ప్రార్థనలు వ్రాసి, క్యోటోలో పితృదేవతలను సాగనంపు కొండమంటలలో కాల్చుటకు సమకూర్చిరి. పరీక్షయందు అణుధూళి లేదని తేలినను, భయపడినవారి అభ్యంతరముచే వానిని నిరాకరించిరి. ఇది తప్పని దేశము నిందింపగా వేరు కట్టెలను తెప్పించిరి; ఈ మారు బెరడున సీసియము కనబడుటచే ఆ ప్రయత్నమును మానుకొనిరి. భయము పూర్తిగా నిరాధారమని గాని, పూర్తిగా సహేతుకమని గాని చెప్ప వీలులేని స్థితి అది. అట్టి స్థితిలో బంధమను మాట సులభముగా నిలువదు. ఫుకుషిమా నుండి యొకొహామాకు వలసపోయిన బాలుని తోటివారు 'క్రిమి' యని పిలిచి వేధించిన వృత్తాంతము 2016లో వెల్లడియయ్యెను. 'కిజునా' యను మాటకు పూర్వార్థము పశువును కట్టు త్రాడని నిఘంటువులు చెప్పును. తెలుగున బంధము, పాశము అను మాటలకును ఈ రెండు ముఖములు కలవు. కట్టి నిలుపునది అదియే, కట్టివేయునది అదియే.

ఇంతకంటె ఘోరమైన స్పందన జపాను చరిత్రలో ఒకటి కలదు. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతమును భూకంపము దహించినపుడు కొరియనులు బావులలో విషము కలుపుచున్నారని వదంతి పుట్టెను. దారిన పోవువారిచే కొన్ని జపాను పదములను పలికించి, ఉచ్చారణ తేడాగా వినబడినవారిని మూకలు చంపెను. హతులు వేలకొలది యని చరిత్రకారులు చెప్పుదురు. పరసీమలలో తరతరములుగా తమ యాసతో బ్రదుకు జనులకు ఈ వృత్తాంతము వేరుగా వ్యాఖ్యానింప నక్కరలేదు. 2011లోను పరదేశీయులపై దొంగతనపు వదంతులు లేచినవి. కాని అట్టి రక్తపాతము జరుగలేదు. ఆ దేశము నేర్చుకొన్న పాఠములలో ఇది యొకటి.

కాచిన మాటలు

ప్రాణములు నిలిపిన మాటలను పరిశీలించినచో వానియందు ఆడంబరము కనబడదు. సాన్‌రికు తీరమున 'తెందెంకో' యను మాండలికపదము కలదు. ఎవరికి వారే యని దాని యర్థము. అల వచ్చునపుడు ఒకరికై ఒకరు వేచియుండక ఎవరి దారిన వారు కొండ యెక్కవలెనని పెద్దల బోధ. వినుటకు కఠినము, కాని తల్లి బిడ్డకై, బిడ్డ తల్లికై వెనుకకు పరుగిడి ఇరువురును మునిగిన కుటుంబములనుండి పుట్టిన మాట అది. కమైషిలో ఈ బోధను ముందుగనే అభ్యసించిన బడిపిల్లలు చిన్నవారి చేతులు పట్టుకొని మెరకకు పరుగెత్తిరి; దాదాపు 3,000 మంది బ్రదికిరి. మియాకో చెంత అనెయోషి గ్రామమున, 1933 సునామి పిమ్మట నాటిన రాతిపై, ఈ తావునకు దిగువ ఇండ్లు కట్టవలదను భావము చెక్కబడియున్నది. 2011 అల ఆ రాతికి దిగువనే ఆగెను.

మాట తప్పినచోటులును కలవు. అదే కమైషిలో ఉనోసుమాయి పేటయందు 'విపత్తు నివారణ కేంద్రము' అను పేరుగల భవనము ఆనాడుండెను. సునామీకి అది సరియైన ఆశ్రయము కాకున్నను, పేరు నమ్మి జనులు అందు చేరిరి. నూటికి పైగా మరణించిరి. ఇషినోమాకిలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు పెరటి వెంబడి కొండయుండగా దాదాపు 50 నిమిషములు ఆవరణమునందే నిలువబడియుండిరి. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు బలియైరి. పెద్దలు ఏ దారి పోవలెనని చర్చించుచునేయుండిరి. ముందుగా సిద్ధపడని లోపము పాఠశాలదియు, పాలకవర్గముదియు అని న్యాయస్థానముల తీర్పు 2019లో స్థిరపడెను. వాతావరణశాఖ మొదటి హెచ్చరికలో ఇవాతెకు 3 మీటర్ల అల యని అంకె చెప్పగా, గోడ చాలునని నిలిచినవారు కలరు. 2013 నుండి మహాభూకంపముల తొలి హెచ్చరికలో అంకెకు బదులు 'బ్రహ్మాండమైన అల' యను అర్థమిచ్చు మాటనే వాడుచున్నారు. శాస్త్రము తన కొలతను కొంతసేపు ప్రక్కన పెట్టి మాటను ఆశ్రయించుట ఇందలి విశేషము. ఇబారాకి తీరమున ఓఅరాయి పట్టణాధికారులు ధ్వనివర్ధకములందు దయచేసి తరలుడని ప్రార్థింపక, తరలిపొమ్మని ఆజ్ఞారూపమున పలికించిరి. మర్యాదకు పేరుపొందిన భాషయందు ఆనాడు మర్యాదను విడుచుటయే దయ.

రచయితలు

సాహిత్యము చేసినదేమి? రెండు రచనలను చూచిన చాలును. ఫుకుషిమాలో ఉన్నతపాఠశాలయందు జపాను భాష బోధించు కవి వాగో ర్యోఇచి, అణుధూళి కురియుచున్న దినములందు ఇల్లు విడువక, మార్చి 16 నుండి ట్విట్టరున చిన్నచిన్న కవితాపంక్తులను విడుచుచుండెను. అవి జూనులో గ్రంథరూపము పొందినవి. విసరిన రాళ్లవంటి కవిత యని దాని పేరునకు భావము. నెమ్మదిగా చదివినచో పునరుక్తి హెచ్చు, బిగువు తక్కువ. కాని మరుసటి కంపమునకు ముందు, వెనుక, గది కదలుచుండగా వ్రాసిన మాటను తీరికగల కవితతో తూచుట న్యాయము కాదు. అధికారులు తక్షణమను మాటతో కాలమును కుదించుచుండగా, ఆయన రాత్రిని రాత్రిగా, భయమును భయముగా చెప్పెను.

కవాకామి హిరోమి మార్గము వేరు. పొరుగున కాపురము వచ్చిన ఎలుగుబంటితో ఏటియొడ్డునకు షికారు పోవు కథను ఆమె 1990లలో వ్రాసియుండెను. 2011లో అదే కథను మరల వ్రాసెను. నడక అదియే, ఏరు అదియే, ఎలుగుబంటి మర్యాదయు అదియే. కాని ఏటియొడ్డున ఇప్పుడు పిల్లలు లేరు. పెద్దలు రక్షణవస్త్రములు ధరించియున్నారు. పట్టిన చేప తినుటకు గాదు. దినాంతమున దేహము గ్రహించిన కిరణముల లెక్క వ్రాసుకొనవలెను. ప్రమాదమునకు పేరు లేదు. 'ఆ సంగతి' యని మాత్రమే యున్నది. ఒక్క నిందావాక్యమైనను లేకయే రెండు కథల నడుమ పోయినదేదో పాఠకుడు తానే లెక్కించుకొనును. అనుబంధముగా వ్రాసిన మాటలలో ఆమె తన కోపము చివరకు తనపైనను ఉన్నదని చెప్పుకొనెను. ఇషిహారా మాటకు ఇది సరియైన సమాధానము. తప్పును వెదకువాడు తన్నుగూడ అందు చేర్చుకొనినపుడే ఆ మాటకు బరువు కలుగును.

ఉపసంహారము

1185 నాటి భూకంపమును చూచిన కామో నో చోమెయి, 1212లో తన 'హోజోకి'యందు, జనులు కొంతకాలము లోకము అస్థిరమని చెప్పుకొనిరనియు, ఏండ్లు గడవగా ఆ మాట యెత్తువారే లేకపోయిరనియు భావము తోచునట్లు వ్రాసెను. విపత్తునకు పిమ్మట వచ్చు విపత్తు మరపే. దానికి మందు స్పష్టమైన మాట. అది వినువాని సొంత భాషలో ఉండవలెను. పూరీ పెంటకోటలోను, గంజాం తీరపు పల్లెలలోను తెలుగు మాటాడు జాలరులు తరతరములుగా నున్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినది. అట్టి రాత్రి ధ్వనివర్ధకమున వినబడు హెచ్చరిక ఏ భాషలో ఉన్నదను ప్రశ్న భాషాభిమానమునకు సంబంధించినది మాత్రమే కాదు. ముసలితల్లి లేచి నడచునా, లేదా యను ప్రశ్న. తెందెంకో యను మాట రాజధాని భాషనుండి రాలేదు. జాలరిపల్లెల యాసలో పుట్టి, అవ్వల నోట నిలిచి, బడిలో పాఠమై, పిల్లలను కొండ యెక్కించినది. ఉప్పెన కథలు తెలిసిన తెలుగు అవ్వలు ఆ తీరములందు నేటికిని కలరు. వారి మాటలు వ్రాసికొనుటకును, పిల్లలచే చెప్పించుటకును బడికంటె తగిన చోటు లేదు.