‘టెట్సువో’, ‘ఈగ’: పగకు దొరికిన శరీరం

రాజమౌళి ‘ఈగ’ (2012) మీలో చాలామంది చూసే ఉంటారు. ఈగగా పుట్టిన నాని కోసం, సూక్ష్మకళలో చేయి తిరిగిన బిందు కళ్లకు అద్దాలు, కాళ్లకు లోహపు గోళ్లు చేసిపెడుతుంది. మనం ఈగ పక్షాన నిలబడి ఈలలు వేస్తాం.

ఇప్పుడు షిన్యా త్సుకమోటో తీసిన జపాన్ చిత్రం ‘టెట్సువో’ (1989) పరిశీలించండి. నలుపు తెలుపు, 16 ఎం.ఎం., దాదాపు 67 నిమిషాలు. పెట్టుబడి స్వల్పం, కూర్పు దర్శకుడిదే, పగబట్టినవాడి వేషమూ ఆయనదే. ఒక ఉద్యోగి కారుతో ఒకణ్ణి గుద్ది, పారేసి వెళ్తాడు. తరువాత గడ్డం గీసుకుంటుంటే చెంప మీద ఇనుప ముల్లు కనిపిస్తుంది. క్రమంగా ఒళ్లంతా తుక్కుగా మారుతుంది. ఇక్కడ మనం నడిచేది తప్పు చేసినవాడి వెంట. అందుకే ఆ ముల్లు మన చెంపకే గుచ్చుకుంటుంది.

గ్రాఫిక్స్ లేకపోవడాన్ని లోటుగా లెక్కించకండి. ఒక్కో ఫ్రేము ఆపి తీసిన ఆ కుదుపులోనే భయమంతా ఉంది. (కథ మొదటిసారి సరిగా అందదు, అది మీ లోపం కాదు.) ‘ఈగ’లో ఆయుధం తొడుక్కునేది. ‘టెట్సువో’లో అది ఒంట్లోంచే మొలుస్తుంది, తీసేయడానికి వీల్లేదు. చివరికి శత్రువులిద్దరూ ఒకే ఇనుప ముద్దగా కలిసిపోయి నగరం మీద పడతారు.

అభ్యాసం: రావిర్యాల ఈ-సిటీలోనో మరోచోటో యంత్రం ముందు పనిచేసేవారు మీకు తెలిసే ఉంటారు. వారికి ఈ రెండు కథలూ చెప్పి, ఏది ఎక్కువ భయపెట్టిందో అడిగి, కారణాలతో రాయండి.