ఇరుసు తీసిన చోట

మంచి మేస్త్రి పాత పికప్ ముందు ఇరుసు మీద స్పానర్ పెట్టేముందు ఫ్రేము మీద గీత గీస్తాడు. బండి ఇంకా తన బరువు మీద తాను నిలబడి ఉండగానే, కమాన్ కట్టను ఇరుసుకు కలిపే నడిమి బోల్టు దగ్గర గుండుదారం వేలాడదీసి, నేల మీద గుర్తు పెట్టి, ఆ గుర్తును రెండు పక్కలా ఫ్రేము మీదికి ఎక్కిస్తాడు. చెరిగిపోకుండా సెంటర్ పంచ్‌తో చిన్న చుక్క కొడతాడు. ఫ్రేము ముందుకు ఎంత వాలి ఉందో మట్టం పెట్టి రాసుకుంటాడు. కట్టలు, ఇరుసు, స్టీరింగ్ బాక్సు అన్నీ దిగిపోయాక, చక్రం మొదట ఎక్కడుండేదో చెప్పగలిగేవి ఆ రెండు చుక్కలే. కోత, వెల్డింగు, రంగు అన్నీ తర్వాతి సంగతి. బండి రేపు రోడ్డు మీద ఎలా నడుస్తుందో ఈ పూటే తేలిపోతుంది.

ఏ బండి అని అడిగితే, నా మనసులో ఉన్నది 1947 వేసవిలో అమెరికాలో వచ్చిన షెవర్లే అరటన్ను పికప్. 116 అంగుళాల వీల్‌బేస్, గుండ్రటి మడ్‌గార్డులు, అడ్డపట్టీల గ్రిల్లు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని సేవ్రీలో షెవర్లేలను బిగించి అమ్మింది కాబట్టి ఆ పేరు మన పెద్దలకు కొత్త కాదు. దాని ముందు భాగం సాదాసీదా: పోత పోయకుండా సుత్తిదెబ్బలతో సాగదీసిన ఒకే ఇనుప ఇరుసు, రెండు చివర్లా చక్రాలు పక్కకు తిరగడానికి కింగ్ పిన్నులు, మీద రెండు కమాన్ కట్టలు. బరువు మోయడంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆ ఇరుసు కావడిబద్ద లాంటిది, ఒక కొస లేస్తే రెండో కొస కదలకుండా ఉండదు. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రం కూడా తల వాలుస్తుంది, డ్రైవర్ చేతిలో స్టీరింగ్ జర్క్ ఇస్తుంది. గంటకు నలభై మైళ్ల వేగానికి అది సరిపోయింది. షెవర్లేకే అది చాలదనిపించి 1960లో తన పికప్‌లకు టార్షన్ బార్లతో, 1963లో కాయిల్ స్ప్రింగులతో విడివిడి సస్పెన్షన్ ఇచ్చింది.

పాత బండికి ఆ సుఖం తేవడానికి అమెరికా షెడ్లలో ఒక దారి స్థిరపడింది. 1974 నుంచి 1978 దాకా ఫోర్డ్ తయారుచేసిన మస్టాంగ్ టూ అనే చిన్న కారు ముందు భాగం పొందికగా ఉండేది. అడ్డంగా ఒక క్రాస్ మెంబర్, పైనా కిందా ఆర్ములు, మధ్యలో కాయిల్ స్ప్రింగు, ముందువైపు ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు. మొదట్లో పాత కార్ల నుంచి ఊడదీసి తెచ్చి పెట్టుకునేవారు. తర్వాత అదే జ్యామితిని కొత్త ఉక్కుతో చేసి కిట్లుగా అమ్మడం మొదలైంది. హబ్ నుంచి హబ్‌కు 56.5 అంగుళాలు అన్న కొలత ఈ పని చేసే ప్రతివాడి నాలుక మీదా ఉంటుంది.

ఆ కిట్టు మన దేశపు బండి కిందికి రావాలంటే మొదటి చిక్కు స్టీరింగ్ ఏ పక్క ఉందన్నది. అమెరికా ర్యాకులో పినియన్ ఎడమవైపు ఉంటుంది, మన డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ర్యాకును బోర్లా తిప్పేస్తే పినియన్ కుడికి వస్తుంది కదా అని కొత్తవాళ్లకు తోస్తుంది. వస్తుంది, కానీ పళ్లకు కిందున్న పినియన్ పైకి చేరుతుంది. అప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరుగుతాయి. కాబట్టి కుడిచేతి డ్రైవింగ్‌కే చేసిన ర్యాకు కావాలి, దాని రెండు లోపలి జాయింట్ల మధ్య దూరం ఆ సస్పెన్షన్‌కు నప్పాలి, దానికి తగ్గట్టు క్రాస్ మెంబర్ మీద బ్రాకెట్లు మళ్లీ కట్టాలి.

ఇలాంటి పనికి చెన్నైలోని అంబత్తూరు కంటే అనువైన చోటు దక్షిణాదిలో నాకు తోచదు. 1964లో మొదలైన ఇక్కడి పారిశ్రామిక వాడలో ప్లేటు కోసేవాళ్లు, వంచేవాళ్లు, లేత్ మీద బుష్షు తిప్పేవాళ్లు, గేర్ పళ్లు కోసేవాళ్లు ఒకరికొకరు కూతవేటు దూరంలో ఉంటారు. పక్కనే పాడిలో 1960ల నుంచి చక్రాలు, బ్రేకులు, స్టార్టర్లు, బోల్టులు తయారవుతున్నాయి: వీల్స్ ఇండియా, బ్రేక్స్ ఇండియా, లూకాస్ టీవీఎస్, సుంద్రం ఫాస్టెనర్స్. టై రాడ్ ఎండ్లకూ స్టీరింగ్ గేర్లకూ పేరుపడ్డ రానే సంస్థ కూడా ఈ నగరానిదే. తిరువళ్లూరు మీదుగా తిరుత్తణి, నగరి, తిరుపతి వైపు పోయే రోడ్డు ఈ ఊరి మధ్య నుంచే వెళ్తుంది. అందుకే మన తెలుగు మాట ఇక్కడి షెడ్లలో వినబడటంలో ఆశ్చర్యం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా అసలు రూపం నిలిచిన బండ్లకే. నా మటుకు నేను, ఇరుసూ కింగ్ పిన్నులూ చెక్కుచెదరకుండా ఉన్న బండిని కోయమని ఎవరికీ చెప్పను. బుష్షులు మార్చి, కట్టలు విప్పి గ్రీజు పెట్టి దాన్ని అలాగే కాపాడుకోవాలి. ఇరుసు వంగి, ఫ్రేము తుప్పు తిని, అసలు భాగాలు దొరకని బండి వేరు. దానికి ఏం చేసినా అధికారుల అనుమతితోనే చేయాలి.

ఇక నేను తనివితీరా చూసే ఘట్టం బంప్ స్టీర్ పరీక్ష. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆర్ముల చివర ఒక వంపులో తిరుగుతుంది. టై రాడ్ చివర తన వంపులో తను తిరుగుతుంది. ఈ రెండూ ఏకీభవించకపోతే, డ్రైవర్ చెయ్యి కదపకుండానే గుంట దాటిన ప్రతిసారీ చక్రం తనంతట తాను పక్కకు తిరుగుతుంది. పొందిక కుదరాలంటే ర్యాకు లోపలి జాయింటు, పై ఆర్ము కింది ఆర్ముల లోపలి పివట్లను కలిపే గీత మీద పడాలి. ర్యాకు ఒక వేలి మందం పైకి పోయినా చాలు, లెక్క తప్పుతుంది. మేస్త్రి కాయిల్ స్ప్రింగు తీసేసి, హబ్‌కు తిన్నటి ప్లేటు బిగించి, కింద జాకీ పెడతాడు. ప్లేటు ముందు అంచుకూ వెనక అంచుకూ డయల్ గేజీలు ఆనిస్తాడు. నిలబడే ఎత్తు నుంచి జాకీని కొద్దికొద్దిగా రెండంగుళాలు పైకి, మళ్లీ రెండంగుళాలు కిందికి ఆడిస్తూ ప్రతి మెట్టులోనూ రెండు ముళ్లనూ చదువుతాడు. రెండూ సమానంగా జరిగితే సరే. ఒకటి ముందుకు పోతే ర్యాకు కింద షిమ్ము అనే పలుచటి రేకు చేరుతుంది, లేదా ఒకటి తగ్గుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఓపిక లేనివాడు ఈ పరీక్ష ఎగ్గొట్టి నేరుగా అలైన్‌మెంట్‌కు పంపిస్తాడు. నిలబెట్టిన బండి మీద అలైన్‌మెంట్ కొలతలన్నీ చక్కగానే వస్తాయి, తప్పు రోడ్డు మీద బయటపడుతుంది.

వెల్డింగుదీ అదే తీరు. పాత ఫ్రేము సి ఆకారపు ఛానెల్. కమాన్ కట్ట బరువును ముందొక చోట, వెనకొక చోట పంచి ఇచ్చేది. కొత్త సస్పెన్షన్ ఆ బరువంతా ఒక్క క్రాస్ మెంబర్ దగ్గరే దించుతుంది. అందుకని ఆ చోట ఛానెల్ నోరు మూసి పెట్టెలా కట్టాలి. ముందు టాకాలు మాత్రమే వేస్తారు. పంచ్ చుక్కల నుంచి వెనక ఇరుసు దాకా మూలకు మూల కొలుస్తారు. తర్వాత అటు కొంచెం, ఇటు కొంచెం, చల్లారనిస్తూ వెల్డింగు. వేడెక్కిన ఉక్కు చల్లారేటప్పుడు తనవైపు లాక్కుంటుంది. ఒకే పక్క జోరుగా లాగించేస్తే అంతసేపు కొలిచిందీ వృథా. మంచి వెల్డర్ చేసిన అతుకు చూడటానికి బాగుంటుంది గానీ, నాకు అంతకంటే ముచ్చటగా అనిపించేది మధ్యమధ్యలో టార్చి పక్కన పెట్టి టేపు అందుకోవడం.

స్టీరింగ్ షాఫ్టు ర్యాకు దాకా తిన్నగా రాదు, ఇంజన్‌ను తప్పించుకుని రావాలి. రెండు యూ-జాయింట్లు పెడితే మధ్య షాఫ్టు రెండు కొసల్లోని చెవులూ ఒకే వరసలో ఉండాలి, వంపులూ సమానంగా ఉండాలి. లేకపోతే స్టీరింగ్ ఒక చోట తేలిగ్గా, ఒక చోట బరువుగా తిరుగుతుంది. మూడో జాయింటు తప్పనిసరైతే మధ్యలో బేరింగు ఊతం ఇవ్వాలి.

స్ప్రింగు ఎత్తును ఇంజన్, రేడియేటర్, బానెట్, మడ్‌గార్డులు అన్నీ ఎక్కాకే చూడాలి. ఆర్ముల రబ్బరు బుష్షుల బోల్టులూ అప్పటిదాకా చేతి బిగువుతోనే ఉంచుతారు. చక్రాలు నేల మీద ఆని, కింది ఆర్ము మట్టంగా నిలిచాకే టార్క్ రెంచ్ పడుతుంది. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలిపడి ఉంటుంది, ఎక్కువ కాలం మన్నదు. బండి కింద పడుకుని, తల ఎత్తే చోటు లేకుండా రెంచ్ తిప్పడం ఎంత కష్టమో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. లిఫ్టు మీదే బిగించేస్తే అప్పటికి ఎవరికీ తేడా తెలియదు. అయినా కింద పడుకుని బిగించే మనిషి మీద నాకు గురి.

ఆ తర్వాత అలైన్‌మెంట్: పవర్ స్టీరింగ్ ఉంటే క్యాస్టర్, అంటే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలడం, మూడు నుంచి ఐదు డిగ్రీలు; క్యాంబర్, అంటే చక్రం పక్కకు వాలడం, ఇంచుమించు సున్నా; టో-ఇన్, అంటే చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం, రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పసుపు పెయింటుతో ఒక గీత. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగొచ్చాక బండిని మళ్లీ షెడ్డుకు రమ్మంటారు. ఏ గీతైనా విరిగిందేమో చూసి, టార్క్ మళ్లీ పట్టి, టో ఇంకొకసారి కొలిచి, అప్పుడు యజమానికి అప్పగిస్తారు.