నెగెటివ్ నేర్పిన పని

‘రాముడు భీముడు’ (1964)లో ఇద్దరు రామారావులు ఒకే ఫ్రేములో నిలబడితే ఆనాటి జనం నోరెళ్లబెట్టి చూశారు. ఇప్పటి పిల్లలకు అదే చూపిస్తే ‘ఇందులో ఏముంది, ఫోన్లోనే చేయొచ్చుగా’ అంటారు. చేయొచ్చు. కానీ రవికాంత్ నగాయిచ్ లాంటి ట్రిక్ ఫోటోగ్రఫీ నిపుణులు కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో ఇలాంటి పనిని ఎలా నెగ్గుకొచ్చేవారో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా రాదు.

ద్విపాత్రాభినయానికి ఆ రోజుల్లో వాడిన ముఖ్యమైన పద్ధతి మాస్కింగ్. లెన్సు ముందు నల్లటి మాస్కు పెట్టి ఫ్రేములో కుడి సగం మూసేస్తారు. ఎడమవైపు నటుడు నిలబడి, ఎదురుగా లేని మనిషితో మాట్లాడతాడు, వాడి జవాబుకు సరిపడా ఆగుతాడు, మళ్లీ మాట్లాడతాడు. షాటు అయ్యాక ఫిలింను బయటికి తీయకుండా కెమెరాలోనే వెనక్కి తిప్పి, మొదలైన ఫ్రేముకే తెస్తారు. ఈసారి ఎడమ సగం మూస్తారు. నటుడు వేషం మార్చుకుని వచ్చేదాకా కెమెరాను ఎవరూ తాకకూడదు, దీపాల వెలుగు పిసరంత మారకూడదు. రెండో సగంలో ఎవరైనా తడబడితే మొదటి సగం కూడా పోయినట్టే. అన్నీ కుదిరాయో లేదో ల్యాబు నుంచి రష్ (కడిగి తీసిన తొలి ప్రింటు) వచ్చేదాకా దేవుడికే తెలియాలి.

ఫిలిమా, డిజిటలా అని వాదించుకునేవాళ్లు సాధారణంగా రంగు గురించో గ్రెయిన్ గురించో మాట్లాడతారు. ఆ వాదన నాకు పెద్దగా రుచించదు. ఫిలిం గ్రెయిన్ కావాలంటే ఇప్పుడు డిజిటల్ బొమ్మకూ అద్దొచ్చు, మామూలు ప్రేక్షకుడు పోల్చుకోలేడు కూడా. అసలు తేడా పని చేసే వరసలో ఉంది. ఫిలింలో నిర్ణయం ముందు, బొమ్మ తర్వాత. డిజిటల్లో బొమ్మ ముందే కనిపిస్తుంది, నిర్ణయాన్ని ఎంతకాలమైనా వాయిదా వేయొచ్చు. ఫిలిం యుగపు పనితనమంతా ఆ ‘ముందే తేల్చుకోవడం’లోంచి పుట్టుకొచ్చింది.

దీనికి సగం కారణం డబ్బు. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 90 అడుగులు. అంటే 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాలైనా రాదు, వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాల్లో ఖాళీ. మూడు గంటల సినిమాకు తెరమీదికి వచ్చేదే 16,200 అడుగులు. ఒక్కో షాటుకు సగటున అయిదు టేకులు తిన్నా 81,000 అడుగులు కావాలి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిలిం చేసేది. రంగుల ఫిలిం మాత్రం విదేశాల నుంచే రావాలి. కోడాక్, ఫ్యూజీ, ఓర్వో డబ్బాల కోసం నిర్మాతలు పడిగాపులు పడిన రోజులవి. అందుకే కెమెరా గిర్రుమని తిరుగుతుంటే నిర్మాతకు ఆటో మీటరు తిరుగుతున్నట్టే వినిపించేది.

కాబట్టి రిహార్సల్ తప్పదు. నటుడు ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. ఫోకస్ చూసే సహాయకుడు టేపుతో దూరం కొలిచి రాసుకునేవాడు. దర్శకుడికి షాటు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో తెలిసుండాలి. కె.వి.రెడ్డి లాంటివాళ్లు స్క్రిప్టుతో పాటు నిడివిని కూడా ముందే కట్టడి చేసుకునేవారంటే అది చాదస్తం కాదు, ఆ మాధ్యమం అడిగిన క్రమశిక్షణ.

కెమెరా డిపార్టుమెంటులో అందరికంటే చిన్న ఉద్యోగం లోడర్‌ది. వాడి పని దగ్గర్నుంచి చూస్తే ఫిలిం అంటే ఏమిటో అర్థమవుతుంది. నల్లటి బట్టతో రెండు పొరలుగా కుట్టి, చేతులు దూర్చడానికి రెండు ఎలాస్టిక్ తొడుగులు పెట్టిన సంచీ ఒకటుంటుంది. డబ్బానూ, కెమెరాకు తగిలించే మ్యాగజైన్‌నూ అందులో పెట్టి జిప్పు మూసి, మోచేతుల దాకా చేతులు పెడతాడు. ఇక చూడటానికేమీ లేదు. టేపు ఊడదీయడం, నల్ల కాగితంలోంచి ఫిలిం చుట్టను తీయడం, దాని కొసను పళ్లచక్రాల మధ్యగా పోనిచ్చి రంధ్రాలు పంటికి పడ్డాయో లేదో వేలి కొసతో తడిమి చూసుకోవడం... అంతా స్పర్శతోనే. అంచులు పట్టుకోవాలి తప్ప ఫిలిం ముఖం మీద వేలు పడకూడదు. విశాఖ బీచిలోనో రాజమండ్రి ఇసుకతిన్నెల మీదో మే నెలలో ఈ పని చేస్తుంటే మోచేతుల నుంచి కారే చెమట చుక్కే పెద్ద శత్రువు. షాటు ఓకే కాగానే లెన్సు తీసి, ఫిలిం మీద వెలుగు పడే గేటులోకి టార్చి కొట్టి చూసేవారు. అక్కడ వెంట్రుక వాసి ఫిలిం పొట్టు ఇరుక్కున్నా తెర మీద తాడంత కనిపిస్తుంది. గేటు శుభ్రంగా ఉందని కెమెరా సహాయకుడు చెప్పాకే దర్శకుడు తర్వాతి షాటుకు కదిలేవాడు. రోజంతా తీసిన డబ్బాల మీద రోలు నంబరు, అడుగుల లెక్క, ఏ టేకు ఓకే, ఏది ఎన్.జి. (పనికిరానిది) అన్నది రాసి రైల్లోనో విమానంలోనో మద్రాసు ల్యాబుకు పంపాలి. హీరో, హీరోయిన్, నిర్మాత, అందరి రోజు కష్టమూ ఆ కుర్రాడి చేతిలో ఉండేది. జీతం మాత్రం అందరికంటే తక్కువ.

వెలుగును అంచనా కట్టడం ఇంకో విద్య. నెగెటివ్‌ది విచిత్రమైన స్వభావం. వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నీడలో వివరం పడకపోతే తర్వాత ల్యాబులో ఎంత గింజుకున్నా రాదు. డిజిటల్ సెన్సర్ దీనికి సరిగ్గా తలకిందులు. చీకట్లోంచి ఎంతో కొంత లాగొచ్చు గానీ, వెలుగు హద్దు దాటిందంటే అక్కడ ఉత్త తెలుపే, వివరం సున్నా. మిట్టమధ్యాహ్నం పొలం గట్టున తెల్లపంచె కట్టుకుని నిలబడ్డ రైతును తీయమనండి. ఫిలిం కెమెరామన్ మీటరు పట్టుకుని రైతు మొహం మీది నీడను కొలుస్తాడు, అక్కడికి రిఫ్లెక్టరు వేయిస్తాడు. డిజిటల్ కెమెరామన్ పంచె మడతలు తెల్లబారిపోకుండా ముందు పంచెను చూసుకుంటాడు. అదే రైతు, అదే ఎండ, చూపు ఆనే చోటు వేరు. స్టూడియోల్లో తెల్లబట్టల్ని కొద్దిగా రంగునీళ్లలో ముంచి మాపు చేయించే అలవాటు కూడా ఈ తిప్పల్లోంచి వచ్చిందే.

ఈ అంచనాను ఎంత దూరం తీసుకెళ్లొచ్చో చూపించినవాడు కెమెరామన్ మార్కస్ బార్ట్లీ. ‘మాయాబజార్’ (1957)లో ‘లాహిరి లాహిరి’ పాటలోని వెన్నెల చూడండి. అసలు చంద్రుడి వెలుగుకు ఆనాటి ఫిలిం మీద బొమ్మే పడదు. ఇలాంటి చోట నలుపు తెలుపు కెమెరామన్లకు పగటిని రాత్రి చేసే విద్య ఉండేది. సూర్యుణ్ని మనుషుల వెనక్కి వచ్చేలా చూసుకుని, లెన్సు కన్నాన్ని బాగా బిగించి, ముందు ఎర్ర ఫిల్టరు పెడతారు. ఎరుపు నీలాన్ని మింగేస్తుంది కాబట్టి ఆకాశం నల్లబడుతుంది. నీటి అలల మీద ఎండ తళుకు వెన్నెల తళుకవుతుంది. అయితే అదే ఫిల్టరుకు పెదాల ఎరుపు పాలిపోతుంది, అందుకని ముందే మేకప్ మార్చాలి. ఇంతా చేసి కెమెరామన్ కంటికి సెట్లో కనిపించేది మామూలు పగలే. వెన్నెల అతని బుర్రలో మాత్రమే ఉంది. నా వరకు ఛాయాగ్రహణమనే కళకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆ సినిమాకు 2010లో రంగులద్ది విడుదల చేశారు. రంగులు బాగానే అద్దారు, కానీ నలుపు తెలుపు కోసం లెక్కగట్టిన వెన్నెలను రంగుల్లో చూడటం నాకెందుకో మింగుడుపడలేదు.

రంగుల కాలంలో ఆ పనితనం పోయిందనుకోవద్దు. ‘ముత్యాల ముగ్గు’ (1975)కు ఇషాన్ ఆర్యకు ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. దర్శకుడు బాపు గీతల్లోని తెలుగు పచ్చదనం తెర మీద కనబడిందంటే అందులో ఆయన వాటా చిన్నది కాదు.

థియేటర్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. రీలు అయిపోవస్తుంటే తెర కుడి పై మూలన ఒక చుక్క మెరిసేది, ఆపరేటరుకు రెండో ప్రొజెక్టరు సిద్ధం చేసుకొమ్మని సైగ. చిన్న ఊళ్లలో ఒక్క ప్రింటుతో రెండు హాళ్లు నడిపి, రీళ్లను సైకిలు మీద అటూ ఇటూ చేరవేసిన కుర్రాళ్ల మీద ఎవరైనా ఒక సినిమా తీయాలి.

ఇక డిజిటల్ వచ్చిన తీరు. మన దగ్గర ముందు మారింది ప్రొజెక్షన్. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రదర్శన వ్యవస్థలు వచ్చి ప్రింటు పెట్టెల్ని మూలన పడేశాయి. ఆరి కంపెనీ 2010లో అలెక్సా కెమెరా తెచ్చింది, మరుసటి ఏడాదికే కొత్త ఫిలిం కెమెరాల తయారీ ఆపేసింది. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిలిం తయారీకి స్వస్తి చెప్పింది. దర్శకుడు రాజమౌళి, కెమెరామన్ సెంథిల్ కుమార్ ఇద్దరూ కలిసి ‘మగధీర’ (2009) ఫిలిం మీద తీశారు, ‘బాహుబలి’ (2015) అలెక్సా మీద తీశారు. ఆరేళ్లలో ఒక శకం తిరిగిపోయింది.

డిజిటల్‌ను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో నటించినవాళ్లలో చాలామంది ఆ పేటవాళ్లే, కెమెరా ముఖం ఎరుగనివాళ్లు. అడుగుకింత అని ఫిలిం ఖర్చయ్యే రోజుల్లో అలాంటి సినిమాకు డబ్బు పెట్టేవాడెవడు? ఎన్ని టేకులైనా పరవాలేదన్న భరోసా కొత్తవాళ్లకు, పేదవాళ్లకు తలుపు తీసింది. రాత్రిపూట వీధి దీపం వెలుగులో షాటు తీయగలగడం చిన్న లాభం కాదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే, ‘తర్వాత డి.ఐ.లో (కంప్యూటర్లో రంగులూ వెలుగూ సవరించే దశలో) చూసుకుందాం’ అనే మాట మీద. సెట్లో కెమెరా ఆగకుండా తిరుగుతుంది, ఎవరికీ ఏం కావాలో తెలియదు, ఎడిటరు ముందు గంటలకొద్దీ ఫుటేజీ కుప్ప పడుతుంది. అది కెమెరా తప్పు కాదు. ఫిలిం క్రమశిక్షణతో డిజిటల్ వాడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సినిమాల్లో షాటుకు వెన్నెముక కనిపిస్తుంది. హాలీవుడ్లో క్రిస్టఫర్ నోలన్ పట్టుబట్టి ఫిలిం మీదే తీస్తున్నాడు. ‘ఓపెన్‌హైమర్’ (2023) కోసం కోడాక్ ప్రత్యేకంగా 65 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిలిం తయారు చేసిచ్చింది. అంత ఖర్చు మన నిర్మాతల్ని పెట్టమని అడగను.

అడిగేది ఇంకొకటుంది. అది దాచుకోవడం గురించి. అమెరికా మోషన్ పిక్చర్ అకాడమీ 2007లో ఒక నివేదిక ఇచ్చింది. డిజిటల్ మాస్టర్‌ను ఏడాది పాటు భద్రపరచడానికి 12,514 డాలర్లు, ఫిలిం మాస్టర్‌కు 1,059 డాలర్లు అవుతాయని లెక్క తేల్చింది. ఆ తర్వాత ధరలు మారి ఉండొచ్చు, స్వభావం మారలేదు. డిజిటల్ ఫైలును కొన్నేళ్లకోసారి కొత్త టేపులోకో డిస్కులోకో ఎత్తి పోస్తూనే ఉండాలి, మర్చిపోతే పోయినట్టే. ఫిలింకు కావలసింది చల్లదనం, పొడిగాలి. అవి ఉంటే వందేళ్లు చెక్కుచెదరదు. లేకపోతే మన తీరప్రాంతపు ఉక్కకు అసిటేట్ ఫిలిం పులిసి, డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఒక డబ్బాకు పట్టిన ఆ జబ్బు పక్క డబ్బాలకూ పాకుతుంది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ఇవాళ చూద్దామంటే దొరకదు. అప్పటి సినిమాల్లో అలా పోయినవే ఎక్కువ.

పాత నిర్మాతల, పంపిణీదారుల, థియేటర్ యజమానుల ఇళ్లలో, గోడౌన్లలో ఇంకా ఫిలిం డబ్బాలు మూలుగుతున్నాయి. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల దగ్గరో అలాంటివి ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. తుప్పు పట్టిన ఇనుప డబ్బాల్ని ఎండలో పెట్టకండి, ప్రొజెక్టరులో ఆడించి చూడాలని అసలే ప్రయత్నించకండి. వెనిగర్ వాసన వచ్చేవాటిని మిగతావాటి నుంచి విడదీసి, చల్లగా గాలి ఆడే చోట పడుకోబెట్టి ఉంచండి. పుణేలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్, ముంబయిలోని ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ ఈ పని మీదే ఉన్నాయి. వాళ్లకు ఒక ఉత్తరం ముక్క రాయండి. డబ్బా మీద పేరు చెరిగిపోయి ఉన్నా సరే, రాయండి.